కోడిపిల్ల కంటె ముందు గూడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. కోళ్లగూడు కట్టి చూడుమని మాత్రము ఎవరును చెప్పలేదు. అది సామెతకెక్కవలసినంత పని కాదని వారు తలచియుందురు. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి మన విద్యార్థుల యిండ్లలో ఏటేట జరుగుచున్న దానిని చూచినచో, ఆ మాటను గూడ చేర్చియుండవలసినదని మాకు తోచుచున్నది.

జరుగుచున్నది ఇది. సంతకో జాతరకో పోయిన బాలుడు ఎరుపు, పచ్చ, నీలము రంగులద్దిన కోడిపిల్లలను నాలుగైదింటిని కొని, ఉబ్బితబ్బిబ్బై యింటికి వచ్చును. ఆ రాత్రి వానిని గంప క్రింద మూయుదురు. మూడవనాటికి రెండు చచ్చును. ఒకదానిని పిల్లి యెత్తుకొనిపోవును. వారము తిరుగునప్పటికి గంప ఖాళీ యగును. "చదువుకొమ్మనిన కోళ్లను తెచ్చితివా!" యని తల్లి కోపించును; బాలుడు రెండు పూటలు అన్నము సరిగా తినడు; అటుపిమ్మట ఆ యింట కోళ్ల మాట యెత్తువారుండరు. ఆ రంగుపిల్లల గుట్టు పిల్లలకు తెలియదు. గ్రుడ్ల కొరకే పెంచు జాతులలో పుంజుపిల్లలు వ్యాపారికి పనికిరావు. గ్రుడ్లను పొదిగించు కర్మాగారములవారు వానిని చవుకగా వదిలించుకొందురు. వీధివర్తకుడు రంగుపూసి అమ్మును. తల్లిరెక్కల వెచ్చదనము లేక వానిలో పెక్కు చచ్చును. ఒకటి బ్రదికినను అది పుంజు. దాని వలన గ్రుడ్డు రాదు.

మా అభిప్రాయము సూటియైనది. గూడు పూర్తియై, తలుపునకు గొళ్లెము పడిన తరువాతనే కోడి యింటికి రావలయును. ముందు పక్షిని తెచ్చి పిదప గూటిని గూర్చి యోచించుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లుండును. అంతేకాదు, ఆ గూటిని కాగితముపై గీయు పని విద్యార్థిది కావలయును, గీయునపుడు ప్రక్కన అవ్వయో తాతయో కూర్చుండవలయును, ఆ కాగితము తెలుగున వ్రాయబడవలయును. ఈ తుదిమాట వినగానే "కోడిగూటికి తెలుగేమిటి?" యని కొందరు నవ్వుదురు. వారికి సమాధానము ముందు రాగలదు.

తల్లిదండ్రుల ఆక్షేపణ మేమెరుగుదుము. పిల్లవానికి తెలుగు ఉన్నది, తమిళమున్నది, ఆంగ్లమున్నది, పరీక్షలున్నవి. వీనిపై కోళ్లు గూడనా? నిజమే. కాని ఈ పనికి కావలసినది ఒక ఆదివారము లెక్క, రెండు ఆదివారముల శ్రమ. మరియొకటి గూడ తల్లిదండ్రులు తలంపవలయును. మన యిండ్లలో పాలసొమ్ము, పంటసొమ్ము పురుషుల చేతులమీదుగా పోవును. గ్రుడ్లసొమ్ము మాత్రము అమ్మది, అవ్వది. నోటుపుస్తకము కొనుటకో, బస్సు కూలికో అడిగిన వెంటనే కొంగుముడి నుండి వచ్చు రూకలు పెక్కు యిండ్లలో అవియే. కావున గూడు కూలిన నష్టపోవునది ఆ కొంగుముడి. ఇది పిల్లల ఆటగా మాకు తోచదు.

ఇక గూటి విషయము. మన పాత యిండ్లలో వీధి అరుగు క్రింద చిన్న బిలము వంటి గూడుండెడిది. ముందు ఒక బండనో పలకనో అడ్డముంచెడివారు. నక్కకు, పిల్లికి అది మంచి అడ్డమే. కాని దానిలో గాలి యాడదు; చేయి పెట్టి తుడుచుటకు మూలలందవు. రెండు మూడు కోళ్లున్న కాలమున అది చెల్లినది. పది కోళ్లను దానిలో దూర్చిన, తెల్లవారునప్పటికి లోపల నిలిచిన ఆవిరి మన ముక్కునకే ఘాటుగా తగులును. గంప మాటయు నంతియే. పిల్లలకోడిని పగటివేళ గద్ద నుండి కాపాడుటకు గంపను మించినది లేదు. రాత్రి వేళ కుక్క తలతో త్రోసిన అది బోర్లపడును.

హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తున నున్నది. మార్గశిర పుష్య మాసములలో రాత్రులు చలిగా నుండును. ఆ చలికి వెరచి మనవారు గూటిని నలువైపుల గోనెపట్టలతో, టార్పాలినుతో బిగియగట్టుదురు. ఈ సీమలో మేము చూచిన గూళ్లన్నిటిలోను పెద్దలోపము ఇదియే. పెరిగిన కోడికి ఈకలే కంబళి. మన హోసూరు చలి దానిని చంపదు. దానిని చంపునది చెమ్మ. కోడిరెట్టలో ముప్పాతిక భాగము నీరే. కోడి ఊపిరి నుండియు ఆవిరి వచ్చును. ఈ తేమ బయటికి పోనిచో అడుగున పరచిన ఊక ముద్దకట్టును; ముద్దకట్టిన ఊక నుండి అమ్మోనియా వాయువు పుట్టి కన్నులను, ఊపిరితిత్తులను చెరచును; ఆ తడిలోనే పిల్లలకు రక్తపు పారుడు కలిగించు సూక్ష్మజీవులు బలియును. వెచ్చని గాలి పైకి పోవునని విద్యార్థులు విజ్ఞానశాస్త్రమున చదివియేయున్నారు. అట్లయిన గోడల పైభాగము తెరచియుండవలయుననుట వేరుగ చెప్పనేల? గాలివాన వచ్చినపుడు గోనెతెరను క్రింది నుండి పైకి లాగి కట్టవలయును. పైన ఒక అడుగు ఎప్పుడును మూయరాదు. ఇండ్ల కిటికీతెరకు పైన కట్టి క్రిందికి వదలుదుము గనుక, గూటికి గూడ అట్లే చేయుట మనకలవాటు. అది తలక్రిందులు.

ఘట్టము దిగి కృష్ణగిరి వైపు పోయినచో చిక్కు వేరు. అచ్చట వేసవియెండ ముఖ్యశత్రువు. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే దానికి చల్లదనము. రేకు కప్పు క్రింద మిట్టమధ్యాహ్నము అది నిలువజాలదు. రేకుపై కొబ్బరిమట్టలు పరచుటయో, సున్నము పూయుటయో చేయవలయును. మామిడితోటలు గల యిండ్లవారు ధన్యులు. చెట్టునీడకు సమమైన కప్పును ఏ మేస్త్రీయు కట్టలేడు. ఆస్బెస్టాసు రేకులు పాతవి యింట పడియున్నను వానిని పిల్లలచే కోయింపరాదు. ఆ దుమ్ము మనుష్యుల ఊపిరికి హానికరము.

గూటి పొడవు తూర్పుపడమరలుగా నుండవలయును. అప్పుడు ఎండ పొట్టిగోడలపై బడి, పొడవువైపుల నుండి గాలి మాత్రము వచ్చును. నేల చుట్టుపట్ల కంటె కనీసము ఒక అడుగు ఎత్తు. ఆశ్వయుజ కార్తికములలో వానలు కురియునపుడు పెరటిలో నీరెటు పారునో, ఎచ్చట నిలుచునో గుర్తుపెట్టుకొన్నవారు అవ్వయు తాతయునే. కావున స్థలము వారినడిగి నిర్ణయింపుడు.

లెక్కకు వత్తము. పది పెట్టల గూడు అనుకొందము. ఊక పరచిన నేలపై పెరిగిన కోడి యొక్కింటికి 2 చదరపు అడుగులు కావలయును. పదింటికి 20. పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు పెట్టినచో 24 వచ్చును. నీటిపాత్రకు, మేతతొట్టికి మిగిలిన 4 సరిపోవును. ముందువైపు ఎత్తు 6 అడుగులు, వెనుక 5 అడుగులు. ఇంత యెత్తు కోళ్ల కొరకు కాదు, ఊడ్చువారి నడుము కొరకు. పొట్టిగూడు కట్టినవాడు దానిని శుభ్రపరచడు. ఇది మేము పలుచోట్ల చూచిన సంగతి. కప్పు గోడలను దాటి రెండడుగులు ముందుకు రావలయును, లేనిచో జల్లు లోపల పడును. ఒకటిన్నర అడుగు వరకు గట్టిగోడ, దానిపై వల. మనిషి గంపతో దూరునంత తలుపొకటి. కోళ్లు తిరుగుటకు అడుగు చదరపు చిన్నతలుపొకటి. పగటివేళ అవి తిరుగాడుటకు పెరడున్న సరి. లేనిచో కోడికి పది చదరపు అడుగుల వంతున దడి కట్టవలయును. ఈ అంకెలను మార్చి, ఆరు కోళ్లకెంత, పదునైదింటికెంత అని విద్యార్థులు తమ యింటి కొలతలతో తామే కట్టి చూచుకొనవలయును. క్షేత్రఫలము లెక్కలకు ఇంతకంటె మంచి అభ్యాసము మాకు కానరాదు.

రాత్రి కోడి నేలపై పడుకొనుటకు ఇష్టపడదు. అడవికోడి చెట్టుకొమ్మపై నిద్రించును. ఆ యలవాటు పెంపుడు కోడిని విడువలేదు. (దెంకణికోట, అంచెట్టి అడవులలోని బూడిదరంగు అడవికోడిని మన పిల్లలు కొందరు చూచియుందురు. పెంపుడు కోళ్ల మూలపురుషుడు ఎర్ర అడవికోడి. అయినను వాని కాళ్ల పసుపురంగునకు కారణమైన జన్యువు దక్షిణదేశపు ఈ బూడిదకోడి నుండి వచ్చినదని 2008 లో వెలువడిన పరిశోధన తేల్చినది. మన యింటి కోడికాలిలో మన యడవి పాలున్నదన్నమాట.) కావున గూటిలో నేలకు రెండు రెండున్నర అడుగుల యెత్తున అడ్డకర్రలు పెట్టవలయును. కోడి యొక్కింటికి 9 అంగుళముల చొప్పున పదింటికి 90 అంగుళములు, అనగా ఏడున్నర అడుగులు. గూటి వెడల్పు 4 అడుగులే కనుక రెండు కర్రలు వలయును. సరుగుడు కర్ర గాని నీలగిరికర్ర గాని రెండంగుళముల లావున, అంచులు గుండ్రనివై యుండవలయును. మేకులు కొట్టరాదు, గాడిలో నుంచి ఎత్తి తీయుటకు వీలుండవలయును. ఏలయన కోడినెత్తురు త్రాగు పురుగులు పగలు కర్రపగుళ్లలో దాగి రాత్రి బయలుదేరును. నెలకొకమారు కర్రను తీసి ఎండవేసి, సున్నము పూసిన వాని బెడద తగ్గును.

గ్రుడ్లు పెట్టుటకు నాలుగైదు పెట్టలకొక పెట్టె, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అది అడ్డకర్రకంటె క్రిందుగా, చీకటిమూలగా నుండవలయును. పైనుంచినచో కోళ్లు దానిలోనే నిద్రించి మైల చేయును. అడుగున వరిగడ్డి. నేలమీద ఊక గాని వేరుసెనగ పొట్టు గాని మూడు నాలుగు అంగుళముల మందమున పరచి, వారమునకొకసారి తిరుగవేయవలయును. తడిసినచోట తీసివేసి క్రొత్తది వేయవలయును. ఏడాది చివర ఆ ఊక మంచి ఎరువు. గాలి చాలుచున్నదో లేదో తెలిసికొనుటకు సాధనములక్కరలేదు: తెల్లవారుజామున తలుపు తీసి, కోడి యెత్తున కూర్చుండి ఊపిరి పీల్చుడు. కన్ను మండిన గూడు తప్పు.

దొంగల సంగతి. పగటిదొంగలు గద్ద, ముంగిస; రాత్రిదొంగలు కుక్క, పిల్లి, పాము, పందికొక్కు. అంగడిలో కోళ్లవల యని అమ్ము సన్నతీగ వల కోడిని లోపల నుంచుటకే గాని కుక్కను బయట నుంచుటకు చాలదు, పండ్లతో చించివేయును. అర అంగుళము కన్నులు గల, అతుకుబెట్టిన గట్టివల కొనవలయును. పది అడుగులు తక్కువ కొన్నను ఇదియే కొనవలయును. ముంగిసయు పందికొక్కును త్రవ్వి వచ్చును కనుక, వలను ఒక అడుగు నేలలో పాతవలయును. కృష్ణగిరి ప్రాంతపువారికి ఈ విషయమున ఒక సౌలభ్యము కలదు. ఇది రాతిదేశము. రాతిపని చేయుచోట్ల మిగిలిన బండముక్కలను అడిగి తెచ్చి, గూటి నేలకును గోడమొదటికిని పరచినచో పందికొక్కు పండ్లరుగునే గాని లోపలికి రాదు. సిమెంటు కొన్నవాని కంటె బండ తెచ్చినవాడే ఇచ్చట తెలివైనవాడని మా మతము.

ఇప్పుడు తెలుగు మాట. మన పదవ తరగతి బాలుడు కుక్కుటము, తామ్రచూడము, చరణాయుధము అని కోడికి పర్యాయపదములు తడుముకొనకుండ చెప్పును, మేమే నేర్పితిమి. పెట్ట పొదుగుకు వచ్చినదని ఎట్లు తెలియుననిన ప్రక్కవాని మొగము చూచును. అది తెలిసినది అవ్వకు. పెట్ట గొంతు మారుటను బట్టియు, ఈకలు ఉబ్బించి గూడు వదలకుండుటను బట్టియు ఆమె చెప్పును. ఆ జ్ఞానము తెలుగుననే యున్నది, పుస్తకమున లేదు.

దీనికి మించిన చిక్కు మరియొకటి కలదు. ఊరి కోళ్లన్నిటిని ఒక్క వారములో ఊడ్చివేయు రోగము ఒకటి యున్నది. తెలుగువారు దానిని కొక్కెర తెగులందురు. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో అచ్చటి పశువైద్యశాల గోడపై ఆ పేరే చూచితిమి. ఇచ్చట పశువైద్యశాలలో అదే రోగమునకు తమిళమున "వెళ్ళైక్కళిచ్చల్" అని, తెల్లపారుడని అర్థమిచ్చు పేరుండును. మందుబుడ్డిపై ఆంగ్లమున రాణిఖేత్ అని యుండును. అది కుమాయూన్ కొండలలోని యొక ఊరు. విదేశీయులు న్యూకాసిల్ అందురు; అది ఇంగ్లండులో 1926 లో ఈ రోగము బయటపడిన పట్టణము. రోగమొకటి, పేర్లు నాలుగు. టీకాలు వేయు దినము తమిళమున ప్రకటింపబడినపుడు, అది తన కోళ్లనెత్తుకొనిపోవు కొక్కెర తెగులే యని అవ్వకు తెలియనిచో ఆమె గంపతో బయలుదేరునా? ఆ ప్రకటనను చదివి, "అవ్వా, ఇది మన కొక్కెర తెగులే" యని చెప్పగలవాడు ఇంటిలో ఒక్కడే యున్నాడు. రెండు భాషలు చదువుచున్న మన విద్యార్థి. రెండు లిపుల బరువని మనము వాపోవుచున్నది ఇచ్చట పది కోళ్ల ప్రాణము కాపాడును. అందుచేతనే గూటి కాగితము తెలుగున నుండవలయునంటిమి. దాని వెనుకవైపు ఈ నాలుగు పేర్లును వరుసగా వ్రాసి గూటితలుపునకు అంటింపుడు.

ఈ రోగమునకు వచ్చిన పిదప మందు లేదు; టీకాయే శరణము. పుట్టిన మొదటివారమున కంటిలోనో ముక్కులోనో చుక్క, రెండుమాసముల వయస్సున సూదిమందు. ఆ తరువాతి వాయిదాలను వైద్యులు చెప్పుదురు. ఒక్కొక్క బుడ్డిలో నూరు కోళ్లకో అంతకెక్కువకో సరిపడు మందుండును. అది చల్లగా నుండవలయును, కలిపిన తరువాత కొద్దిసేపటిలో వాడవలయును. కావున పది కోళ్లవారు ఒంటరిగ పోవుట కంటె వీధివారందరు కలిసిపోవుట మేలు. తమిళుల ఇల్లు, కన్నడిగుల ఇల్లు, మన ఇల్లు అని రోగమునకు భేదము లేదు; ప్రక్కయింటి కోడికి టీకా లేనిచో మన గూటికి సగమే కాపు. సందేహములున్నవారికి హోసూరు చేరువ మత్తిగిరిలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయపు కోళ్ల కళాశాలయే యున్నది. ఇంత దగ్గర అట్టి విద్యాస్థానమున్న ఊళ్లు మనదేశమున ఎక్కువ లేవు. మన విద్యార్థులలో దానిని చూచినవారెందరో మాకనుమానమే.

జాతులను గూర్చి రెండుమాటలు చాలును. బెంగుళూరి గిరిరాజ, హైదరాబాదు వనరాజ నాటుకోడి కంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును, త్వరగా బరువెక్కును. కాని పొదుగుట వానికి సరిగా రాదు. పిల్లలు కావలయునన్న ఒక నాటుపెట్టనైన గూటిలో నుంచుకొనవలయును. అది 21 దినములు కూర్చుండి పరుల గ్రుడ్లనైనను పిల్లలు చేయును. గ్రుడ్లు మాత్రమే చాలుననుకొన్నచో పుంజు అక్కరయే లేదు. పుంజు లేనిదే గ్రుడ్డు రాదని చాలమంది నమ్మకము. అది నిజము కాదు, అట్టి గ్రుడ్డు పొదుగదు, అంతే. ఇండ్లు ఇరుకైన హోసూరు వీధులలో తెల్లవారుజాము నాలుగు గంటలకు పుంజు కూసిన ప్రక్కయింటివారితో తగవు వచ్చును గనుక, పట్టణమువారు పెట్టలతో తృప్తిపడుట మంచిది. వాసనకు, శబ్దమునకు ముందుగా పొరుగువారితో ఒక మాట చెప్పియుంచుట మర్యాద. గూడు ముట్టిన చేతిని సబ్బుతో కడుగక అన్నము ముట్టరాదు.

క్రొత్తవారు ఒకరోజు పిల్లలను గాక, రెండు మూడు నెలలు పెరిగి, టీకాలు పడిన పెట్టలను కొనవలయును. ధర యెక్కువైనను నష్టము తక్కువ. తెచ్చిన దినమున చీకటి పడిన తరువాత నెమ్మదిగా అడ్డకర్రపై కూర్చుండబెట్టుడు. ఏడు దినములు చిన్నతలుపు తీయకుడు. మేతయు నీరును లోపలనే ఉంచుడు. పది కోళ్లకు దినమునకు రెండున్నర లీటర్ల నీరు, వేసవిలో దానికి రెట్టింపు. ఎనిమిదవ నాటి సాయంకాలము, పొద్దుక్రుంకుటకు ఒక గంట ముందు, తలుపు తీసి దూరముగ నిలువుడు. అవి గడ్డి గీకును, బూడిదలో పొర్లును, చీకటి ముసరునప్పటికి ఎవరు తోలకయే తమ గూటికి వచ్చును. అప్పుడు లోపలికి తొంగిచూచి తలలు లెక్కపెట్టుడు. పది యున్నచో గొళ్లెము వేయుడు.